హైదరాబాదులో వీలునామా, చెన్నైలో ఫ్లాటు: ప్రొబేట్ ఏ కోర్టులో తీసుకోవాలి?

ప్రశ్న: మా నాన్నగారు ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు చెన్నైలో ఉండి, వెస్ట్ మాంబలంలో ఒక ఫ్లాటు కొన్నారు. రిటైరయ్యాక హైదరాబాదు వచ్చి నల్లకుంటలో ఇల్లు కట్టుకున్నారు. ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే కాలం చేశారు. 2016లో ఆయన తన చేతి రాతతో, తెలుగులో, మూడు పేజీల వీలునామా రాసి పెట్టారు. రిజిస్టరు చేయించలేదు. నల్లకుంట ఇల్లు అమ్మకు, చెన్నై ఫ్లాటు నాకూ తమ్ముడికీ చెరిసగం, అక్కకు రెండు లక్షల నగదు అని అందులో ఉంది. తర్వాత ఎప్పుడో ఆ ‘రెండు’ను కొట్టేసి పైన ‘అయిదు’ అని రాసి, పక్కన తానొక్కరే సంతకం పెట్టారు. వీలునామా అమలు చేసే బాధ్యత నాకు అప్పగించారు. సాక్షి సంతకాలు చేసిన ఇద్దరిలో ఒకరు పోయారు. ఇంకొకరు వారాసిగూడలో ఉంటున్న నాన్నగారి స్నేహితులు, ఎనభైకి దగ్గరపడ్డారు. తమ్ముడు న్యూజెర్సీలో ఉన్నాడు. అక్క విజయవాడలో ఉంటుంది, పెద్దకర్మ నాటి నుంచి మాతో మాటల్లేవు. ఫ్లాటు కొంటామని ఒకరు వచ్చారు గానీ, వాళ్ల లాయరు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువపత్రం) తెమ్మంటున్నారు. ఇక్కడి లాయరు సిటీ సివిల్ కోర్టులో వేద్దామంటున్నారు. చట్టం మారింది, ప్రొబేటే అక్కర్లేదని ఇంకొందరు అంటున్నారు. చెన్నైలో ఉన్న మా మేనత్త కొడుకు పేర నాన్నగారు ఇచ్చిన జీపీఏ (తన తరఫున లావాదేవీలు జరిపే అధికారమిచ్చే పత్రం) ఉంది. దానితోనే రిజిస్ట్రేషన్ చేయించేస్తానని అతను అంటున్నాడు. మేం ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాదు

జవాబు: మీరు అడిగినవాటిలో అన్నిటికన్నా ముందు తేల్చవలసింది చివరన రాసిన జీపీఏ సంగతి, ఎందుకంటే ఆలస్యమైతే నష్టం జరిగేది అక్కడే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి చనిపోయిన క్షణంలోనే ఆ అధికారం రద్దవుతుంది. భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెప్పేది ఇదే. మీ నాన్నగారు బతికి ఉన్నంతకాలం మీ బావ అద్దె వసూలు చేయడం, పన్ను కట్టడం న్యాయమే గానీ, ఆయన పోయారని తెలిసి కూడా ఆ కాగితంతో సేల్ డీడ్ మీద సంతకం పెడితే ఆ అమ్మకం నిలవదు సరికదా, కొన్నవాళ్లు మోసపోయామని ఫిర్యాదు చేస్తే అతనితోపాటు, తెలిసి ఊరుకున్నందుకు మీరు కూడా సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. అతను మీకు సాయం చేయాలనే అంటున్నాడని నేను నమ్ముతున్నాను. అయినా, నాన్నగారి మరణంతో జీపీఏ ముగిసిందని, ఇకపై దానిని ఎక్కడా వాడవద్దని, అసలు కాగితాన్ని మీకు పంపమని ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దాని నకలు, పోస్టాఫీసు రసీదు దాచుకోండి. ఫ్లాటులో అద్దెకున్నవారు ఉంటే వారికి కూడా మరణ ధ్రువపత్రం నకలు జతచేసి, ఇకనుంచి అద్దె వీలునామా అమలుదారుగా మీకు చెల్లించమని తెలియజేయండి. ప్రొబేట్ రాకముందే ఆ పని చేసే హక్కు మీకు ఉంది. మృతుని ఆస్తి అమలుదారుకు సంక్రమించేది వీలునామా వల్ల, మరణించిన నాటి నుంచి. కోర్టు ఇచ్చే ప్రొబేట్ ఆ హక్కును నిరూపించే పత్రమే తప్ప కొత్తగా పుట్టించేది కాదు. వచ్చిన అద్దెను మాత్రం విడి ఖాతాలో వేసి లెక్క రాసి ఉంచండి.

ఇక ప్రొబేట్ అవసరమా అన్న ప్రశ్న. మీకు సలహా చెప్పినవాళ్లందరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, అందుకే మీకింత గందరగోళం. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 213వ సెక్షన్ అని ఒకటి ఉండేది. కొన్ని రకాల వీలునామాల విషయంలో ప్రొబేట్ లేనిదే అమలుదారు గానీ, ఆస్తి పొందేవారు గానీ కోర్టులో తమ హక్కును స్థాపించుకోలేరని అది చెప్పేది. హిందువుల విషయానికి వస్తే పాత కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టుల పరిధుల్లో రాసిన వీలునామాలకూ, వేరేచోట రాసినా ఆ పరిధుల్లో ఉన్న స్థిరాస్తికి సంబంధించినంత వరకూ ఆ నిబంధన వర్తించేది. అప్పట్లో హైదరాబాదులో రాసిన వీలునామాకు, హైదరాబాదులో ఉన్న ఇంటికి ప్రొబేట్ తప్పనిసరి కాకపోవడం, అదే వీలునామాలోని చెన్నై ఫ్లాటుకు మాత్రం తప్పనిసరి కావడం అందువల్లే. 2025 డిసెంబరులో పార్లమెంటు రద్దు, సవరణల చట్టం ద్వారా ఈ 213వ సెక్షన్‌ను తొలగించింది. కనుక ‘చట్టం మారింది’ అన్నవారి మాట నిజం. అయితే తొలగిపోయింది నిర్బంధం మాత్రమే. ప్రొబేట్ కోరే హక్కు, ఇచ్చే కోర్టు, దానికి ఉండే బలం అన్నీ చట్టంలో ఎప్పటిలాగే ఉన్నాయి.

నిర్బంధం లేకపోయినా మీ కుటుంబం ప్రొబేట్ తీసుకోవాలనే నా అభిప్రాయం. వీలునామా రిజిస్టరు కాలేదు, అందులో కొట్టివేత ఉంది, సాక్షుల్లో ఒక్కరే మిగిలారు, సంతానంలో ఒకరు దూరంగా ఉన్నారు, ఆస్తి రెండు రాష్ట్రాల్లో ఉంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కొనేవాడు వెనకాడతాడు. మీకు ఇవన్నీ ఉన్నాయి. కొనేవారి లాయరు అడిగింది మీకు చాదస్తంగా తోచవచ్చు గానీ, ఆయన తన క్లయింటు డబ్బును కాపాడుతున్నారు. వారసత్వ చట్టం 273వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్ ఉన్న వ్యక్తిని నమ్మి బాకీ చెల్లించినవారికీ, ఆస్తి అప్పగించినవారికీ పూర్తి రక్షణ ఉంటుంది. తర్వాత ఏ కారణంచేతనైనా ప్రొబేట్ రద్దయినా, అప్పటిదాకా మంచి నమ్మకంతో చేసిన చెల్లింపులు చెల్లుతాయని 297వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకు అయినా, కొనుగోలుదారు అయినా ఆ కాగితం అడిగేది ఈ ధీమా కోసమే. చట్టం మారినంత మాత్రాన ఆ ధీమా అక్కర్లేదని వాళ్లు అనుకోరు.

ఏ కోర్టులో వేయాలన్నదే మీ విషయంలో అసలు ముడి, కనుక దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. మరణించేనాటికి మనిషికి స్థిర నివాసం ఉన్నచోట గానీ, ఏదైనా చరాస్తి లేక స్థిరాస్తి ఉన్నచోట గానీ జిల్లా జడ్జి ప్రొబేట్ ఇవ్వవచ్చు. హైదరాబాదులో ఆ అధికారం సిటీ సివిల్ కోర్టుది. మీ నాన్నగారి నివాసం నల్లకుంట కాబట్టి అక్కడ పిటిషన్ వేయవచ్చని మీ లాయరు చెప్పడంలో తప్పు లేదు. చిక్కు ఎక్కడంటే, జిల్లా స్థాయి కోర్టు ఇచ్చిన ప్రొబేట్ ఆ రాష్ట్రం ఎల్లల వరకే పనిచేస్తుంది. రాష్ట్రం బయట కూడా చెల్లాలంటే, మృతుని నివాసం తన పరిధిలోనే ఉండాలి, పైగా బయటి రాష్ట్రాల్లో ఉన్న ఆస్తి విలువ 10,000 రూపాయలకు మించలేదని ఆ జడ్జి ధ్రువీకరించాలి. పదివేలకు ఒక ఇల్లే వచ్చిన రోజుల్లో పెట్టిన హద్దు అది. ఈనాటికీ చట్టంలో అదే అంకె ఉంది. వెస్ట్ మాంబలంలో ఎంత చిన్న ఫ్లాటైనా ఆ హద్దులో ఇమడదు. అంటే సిటీ సివిల్ కోర్టులో ఎంతో ఓపికపట్టి ప్రొబేట్ తెచ్చుకున్నా, అది నల్లకుంట ఇంటికీ, ఇక్కడి బ్యాంకుకూ పనికొస్తుంది గానీ, మీరు ఏ ఫ్లాటు కోసం ఇదంతా మొదలుపెట్టారో దానికి పనికిరాదు. ఇలా సొంత జిల్లాలో ఆర్డరు చేతికొచ్చాక, పక్క రాష్ట్రంలో అది చెల్లదని తెలిసి మళ్లీ మొదటికొచ్చే కుటుంబాలు ఉంటాయి. పిటిషన్ వేయకముందే ఒక్క సెక్షన్ చదివి ఉంటే తప్పే శ్రమ అది.

హైకోర్టు ఇచ్చే ప్రొబేట్‌కు ఆ ఇబ్బంది లేదు. అదే 273వ సెక్షన్ ప్రకారం హైకోర్టు మంజూరు చేసిన ప్రొబేట్, ఆ ఉత్తర్వులోనే మరోలా అని ఉంటే తప్ప, దేశంలోని ఇతర రాష్ట్రాల్లో కూడా అంతే బలంతో చెల్లుతుంది. మంజూరు చేసిన హైకోర్టు ఆ సమాచారాన్ని మిగతా హైకోర్టులకు పంపే పద్ధతి కూడా చట్టంలో ఉంది. ప్రొబేట్ వ్యవహారాల్లో జిల్లా జడ్జికి ఉన్న అధికారాలన్నీ హైకోర్టుకు కూడా సమానంగా ఉన్నాయని 300వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి: నివాసాన్ని బట్టి తెలంగాణ హైకోర్టు, ఫ్లాటును బట్టి మద్రాసు హైకోర్టు.

రెండింటిలో నేను మద్రాసు హైకోర్టు వైపే మొగ్గుతాను. చెన్నై నగరంలోని ఆస్తుల వీలునామాలు ఆ కోర్టు ఒరిజినల్ సైడ్‌లో (కేసులను మొదటిసారి నేరుగా విచారించే విభాగంలో) ఎప్పుడూ నడుస్తూ ఉండే పని. దానికంటూ ప్రత్యేక నియమాలు, నమూనాలు, అలవాటుపడిన సిబ్బంది ఉన్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పని కేసుల్లో సాక్ష్యం నమోదు సాధారణంగా మాస్టర్ అనే కోర్టు అధికారి ముందు జరిగిపోతుంది. ఆ కోర్టు ముద్ర ఉన్న ప్రొబేట్ చూపిస్తే చెన్నైలోని సబ్ రిజిస్ట్రారుకు గానీ, కొనేవారికి అప్పిచ్చే బ్యాంకుకు గానీ మీరు ప్రత్యేకంగా వివరించవలసింది ఉండదు. అది హైకోర్టు ఇచ్చినదే కనుక నల్లకుంట ఇంటికీ వర్తిస్తుంది. మీ సాక్షిగారు ప్రయాణం చేయలేని వయసులో ఉండటం ఒక్కటే దీనికి ఎదురొచ్చే అంశం. దానికి మార్గం ఉంది, కింద చెబుతాను. చెన్నైకి వెళ్లిరావడం మీకు బొత్తిగా వీలుకాకపోతే తెలంగాణ హైకోర్టులోనే వేయండి, ఫలితంలో తేడా ఉండదు. సిటీ సివిల్ కోర్టు మాత్రం మీకు పనికిరాదు.

ఏ హైకోర్టులో వేసినా పిటిషన్‌లో రెండు సంగతులు మీ కళ్లతో మీరే చూసుకోండి. ఆస్తుల జాబితాలో చెన్నై ఫ్లాటు ఒక్కటే రాసి ఊరుకోకుండా, నల్లకుంట ఇల్లు, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు ఉంటే షేర్లు, అన్నీ విలువలతో సహా రాయించండి. చివర కోరే ప్రార్థనలో ‘భారతదేశమంతటా చెల్లుబాటయ్యేలా’ అన్న మాట స్పష్టంగా ఉండాలి. కోర్టు ఫీజు తగ్గుతుందని ఒక రాష్ట్రానికే పరిమితం చేసి అడిగితే, ఆ ఒక్క రాష్ట్రానికే వస్తుంది. ఫీజు ఆస్తి విలువను బట్టి ఉంటుంది, రాష్ట్రానికో లెక్క. మహారాష్ట్రలోనైతే ఎంత ఆస్తి అయినా 75,000 రూపాయలకు మించదు. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి గరిష్ఠ పరిమితి ఉంటుందని అనుకోకండి. వకాలత్ మీద సంతకం పెట్టకముందే ఆ లెక్క కాగితం మీద రాయించుకోండి. వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద విడిగా పన్నేమీ లేదు. ఎస్టేట్ డ్యూటీని మన దేశంలో 1985లోనే ఎత్తివేశారు.

ఇప్పుడు ఆ మూడు పేజీల కాగితం దగ్గరికి వద్దాం. దానిని లామినేషన్ చేయించకండి, కొత్తగా స్టేపుల్ కొట్టకండి, పేజీ అంకెలు లేవని ఇప్పుడు వేయకండి, మిగిలిన సాక్షి చేత మళ్లీ సంతకం పెట్టించకండి. అది ఎలా దొరికిందో అలాగే కోర్టుకు చేరాలి. ప్రొబేట్ ఇచ్చాక అసలు వీలునామా కోర్టులోనే ఉండిపోతుంది కనుక, ముందే రెండు వైపులా రంగుల్లో స్కాన్ తీయించి ఉంచుకోండి. వీలునామా తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. 277వ సెక్షన్ ప్రకారం ఆ భాషకు కోర్టు అనువాదకుడు ఉంటే ఆయన చేత, లేకపోతే రెండు భాషలూ బాగా తెలిసిన వ్యక్తి చేత చేయించి, అనువాదం సరైనదేనని ఆ వ్యక్తి సంతకంతో ధ్రువీకరణ ఇవ్వాలి. ‘చెరిసగం’, ‘సర్వహక్కులతో అనుభవించవలసినది’ వంటి మాటలను తేలిగ్గా దాటేసే అనువాదకుడి వల్ల తర్వాత ఇబ్బంది వస్తుంది. అనువాదం పూర్తయ్యాక మీరు, మీ అమ్మగారు పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చదవండి.

కొట్టివేత గురించి. వీలునామా రాసి సంతకాలయ్యాక చేసిన మార్పు చెల్లాలంటే, ఆ మార్పు పక్కన వీలునామా రాసిన వ్యక్తితోపాటు సాక్షులు కూడా సంతకం చేసి ఉండాలని 71వ సెక్షన్ చెబుతుంది. మీ నాన్నగారు ఒక్కరే చేశారు కాబట్టి, కింద కొట్టేసిన ‘రెండు’ ఇంకా చదవడానికి వీలుగా ఉంటే చట్టం దృష్టిలో అక్కగారికి వచ్చేది రెండు లక్షలే. దీనివల్ల మొత్తం వీలునామా చెడిపోదు, ఆ భయం పెట్టుకోకండి. అయితే చట్టప్రకారం ఇవ్వవలసింది రెండే అయినా, తండ్రి మనసులో ఉన్నది అయిదని ఆయన సంతకమే చెబుతోంది. ఆ మిగతా మూడు లక్షలూ మీరూ తమ్ముడూ మీ వాటాల్లోంచి ఇవ్వడానికి ఒప్పుకుంటే మంచిదని నా సలహా. తండ్రి చివరి మాట అక్కగారికి అందుతుంది. మీకు కోర్టు ఖర్చులూ, ఏళ్లూ మిగలవచ్చు.

అక్కగారి స్థానంలో ఉండి ఒకసారి ఆలోచించండి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, ముగ్గురు పిల్లలకు ఒక్కొక్కరికి నాలుగో వంతు వచ్చేది. చెన్నై, నల్లకుంట రెండింటిలోనూ ఆమెకు వాటా ఉండేది. రిజిస్టరు కాని కాగితం ఒకటి బయటికొచ్చి ఆమెకు నగదు మాత్రమే అని చెబితే అనుమానం కలగడం సహజం. అందుకే ఆమె పేరు, చిరునామా పిటిషన్‌లో మొదటి వరుసలోనే ఉండాలి. ఆమెకు నోటీసు వెళ్లాలి, సైటేషన్ (విచారణకు రమ్మని కోర్టు పంపే పిలుపు) ఇవ్వాలి. ‘చెబితే అడ్డుపడుతుంది, చెప్పకుండా కానిచ్చేద్దాం’ అని ఎవరైనా అంటే వినకండి. నోటీసు ఇవ్వవలసినవారికి ఇవ్వకుండా తెచ్చుకున్న ప్రొబేట్‌ను 263వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. అప్పటికి ఫ్లాటు అమ్మేసి ఉంటే చిక్కు మీ ఇంటితో ఆగదు. వీలునామా చెల్లడానికి ఆమె అంగీకారం అక్కర్లేదు. కానీ అభ్యంతరం లేదని ఆమె ఒక అఫిడవిట్ ఇస్తే కేసు త్వరగా తేలిపోతుంది. ఆమె కేవియట్ (తన మాట వినకుండా ప్రొబేట్ ఇవ్వవద్దని కోర్టుకు పెట్టే అర్జీ) వేసి అభ్యంతరాలు దాఖలు చేస్తే పిటిషన్ దావాగా మారి, సాక్షుల విచారణ, వాదనలు అన్నీ జరగవలసి వస్తుంది, అది ఏళ్ల వ్యవహారం. కోర్టు నోటీసు ద్వారా మొదటిసారి తెలిసేకన్నా ముందే, వీలునామా నకలు చేతికిచ్చి, కొట్టివేతతో సహా ఉన్నది ఉన్నట్టు చూపించి, మీ అమ్మగారి సమక్షంలో మాట్లాడటం నయం. ఒక సంగతి గుర్తుంచుకోండి: ప్రొబేట్ కోర్టు తేల్చేది ఈ వీలునామా నిజంగా మీ నాన్నగారిదేనా, సరైన పద్ధతిలో రాశారా అన్నది మాత్రమే. నల్లకుంట ఇంటికి పిత్రార్జితం డబ్బు పెట్టారు, అందులో నాకు పుట్టుకతో హక్కుంది అని ఆమె అంటే అది వేరే దావాలో తేలవలసిన విషయం. కనుక ఇల్లు కట్టడానికి తీసుకున్న లోను కాగితాలు, జీతం చీటీలు, పీఎఫ్ వివరాలు ఉంటే పారేయకుండా ఒక ఫైల్లో పెట్టండి.

వారాసిగూడ పెద్దాయన విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. వీలునామా నిరూపణకు కనీసం ఒక సాక్షి అయినా వచ్చి, మీ నాన్నగారు తన ఎదుట సంతకం చేశారని, తానూ ఆయన ఎదుటే సంతకం చేశానని చెప్పాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ 67వ సెక్షన్ కోరేది అది. రెండో సాక్షి సంతకం ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా ఆయనకు గుర్తున్నంత వరకు చెప్పగలగాలి. పిటిషన్ మీద ఆయన ధ్రువీకరణ కూడా అవసరం, దానిని హైదరాబాదులోనే నోటరీ ఎదుట చేయించవచ్చు. పిటిషన్ నంబరు పడగానే, ఆయన వయసు, ఆరోగ్యం చూపిస్తూ వైద్యుని సర్టిఫికెట్ జతచేసి, సాక్ష్యాన్ని ముందుగానే నమోదు చేయమని, అవసరమైతే సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు నియమించే కమిషనర్‌ను ఇంటికి పంపమని మీ లాయరు చేత దరఖాస్తు పెట్టించండి. ఈలోగా ఆయనకేమైనా జరిగితే వీలునామా వీగిపోతుందని కాదు, సాక్షి చేతిరాతనూ, మీ నాన్నగారి సంతకాన్నీ గుర్తించగలవారి ద్వారా నిరూపించే వీలు చట్టంలో ఉంది. కాకపోతే ఆ దారి కష్టమైనది, అనుమానించేవారికి అవకాశమిచ్చేది. ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు ఏం చెప్పాలో నేర్పకండి. వీలునామా నకలు చూపించి, ఆయనకు గుర్తున్నది ఆయన మాటల్లోనే చెప్పనివ్వండి.

చెన్నైలో ఆస్తి కొన్న తెలుగువాళ్ల ఇళ్లలో తరచూ కనిపించే మరో చిక్కు పేరు. అక్కడి అలవాటు ప్రకారం సేల్ డీడ్‌లో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా రాసి ఉంటారు. ఇక్కడి ఆధార్, పాన్, మరణ ధ్రువపత్రాల్లో ఇంటిపేరు ఉంటుంది. చూసేవారికి ఇద్దరు మనుషులనిపిస్తుంది. మీ నాన్నగారి సేల్ డీడ్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), కార్పొరేషన్ పన్ను రసీదు, కరెంటు బిల్లు, మరణ ధ్రువపత్రం అన్నీ వరుసగా పెట్టుకుని పేరు ఒక్కో దానిలో ఎలా ఉందో రాసుకోండి. తేడాలుంటే పిటిషన్‌లో మృతుని పేరు రాసేచోటే ‘అనే మరో పేరు గల’ అంటూ అన్ని రూపాలూ చేర్పించండి. ఆయన సర్వీసు రిజిస్టరులో గానీ, పాత రేషను కార్డులో గానీ రెండు పేర్లనూ కలిపే ఆధారం దొరికితే దానిని జతచేయండి. ప్రొబేట్ వచ్చాక పేరు సవరించమని మళ్లీ కోర్టుకెక్కడం కన్నా ఇది ఎంతో తేలిక.

బ్యాంకు డిపాజిట్ల మీద మీరు ఏమీ రాయలేదు, ఉంటే నామినీ ఎవరో చూడండి. నామినీకి బ్యాంకు డబ్బు చెల్లిస్తుంది, కానీ నామినీ అయినంత మాత్రాన ఆ డబ్బుకు యజమాని కారు. వీలునామా ప్రకారమో, వారసత్వం ప్రకారమో ఎవరికి చెందాలో వారికి అప్పగించవలసిందే. షేర్ల విషయంలోనూ ఇదే సూత్రమని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోతుందని బ్యాంకు గుమాస్తా ఎవరైనా అనవచ్చు. అది బాకీలకూ, సెక్యూరిటీలకూ మాత్రమే, ఇళ్లకూ ఫ్లాట్లకూ వర్తించదు. తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది, ఎవరికి ఎంత వాటా అన్నది చెప్పదు. నాన్నగారి ఏటీఎం కార్డును ఇంకా ఎవరైనా వాడుతుంటే ఈరోజే ఆపించండి.

తమ్ముడు న్యూజెర్సీ నుంచి రెండు కాగితాలు పంపాలి. ఒకటి, ప్రొబేట్ మీ పేర ఇవ్వడానికి అభ్యంతరం లేదన్న అఫిడవిట్. రెండోది, ప్రొబేట్ వచ్చాక తన సగం వాటా అమ్మడానికి మీకిచ్చే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ, అందులో ఫ్లాటు వివరాలు పూర్తిగా ఉండాలి. వీటిని న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్ ద్వారా గానీ, అక్కడి నోటరీ ఎదుట చేసి అపోస్టిల్ ముద్ర (పత్రం విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం చేసే ధ్రువీకరణ) వేయించి గానీ పంపవచ్చు. విదేశంలో రాసిన పవర్ మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలి, కాబట్టి దానిని మరీ ముందుగా తెప్పించుకోకండి. అతను ఎన్నారై కనుక అతని వాటా సొమ్ము మీద కొనుగోలుదారు కోసే టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను), మీ వాటా మీద కోసే ఒక్క శాతం లాంటిది కాదు, చాలా ఎక్కువ. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తీసుకునే వీలుంది. ఆ పని ఒక చార్టర్డ్ అకౌంటెంటుకు అప్పగించండి.

కాలపరిమితి గురించి కూడా ఒక మాట. ప్రొబేట్ పిటిషన్లకు లిమిటేషన్ చట్టంలోని 137వ ఆర్టికల్ వర్తిస్తుందని, అంటే దరఖాస్తు చేసే హక్కు ఏర్పడిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంటుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఆ హక్కు ఏ రోజున ఏర్పడిందన్న దానిపై వాదనలకు చోటుంది. కనుక ఆ వాదనలోకి దిగే అవసరం లేకుండా, మరణించిన నాటి నుంచే మూడేళ్లు లెక్కపెట్టుకుని ఆలోపు వేయండి. మీకు చాలా సమయం ఉంది. మీ సాక్షిగారికి అంత సమయం ఉందని అనుకోకూడదు. ప్రొబేట్ చేతికొచ్చాక అమలుదారుగా ఆరు నెలల్లో ఆస్తుల పట్టికను, ఏడాదిలో జమాఖర్చుల లెక్కను కోర్టుకు ఇవ్వవలసి ఉంటుంది. అద్దె లెక్క ఇప్పటి నుంచే రాయమన్నది ఇందుకే.

కొనడానికి వచ్చినవారు మంచి ధర ఇస్తున్నారని తొందరపడి ఇప్పుడే పెద్ద మొత్తం అడ్వాన్సు పుచ్చుకోకండి. వారు నిజంగా ఆగగలిగితే, ప్రొబేట్ మంజూరైన తర్వాతే రిజిస్ట్రేషన్ అని, ఫలానా తేదీలోగా రాకపోతే తీసుకున్న మొత్తం వడ్డీ లేకుండా తిరిగి ఇచ్చేలా అని ఇద్దరి లాయర్లూ కలిసి ఒప్పందం రాయించవచ్చు. అందులో మీరు వీలునామా అమలుదారుగా సంతకం చేయండి, ఫ్లాటు పూర్తి యజమానిగా కాదు. ఆగలేమంటే వారిని వెళ్లనివ్వండి.